ఫిలిప్పు మీద తెల్ల రంగు

ఆ బొమ్మను విశాఖపట్నం పంపమని నయోమికి చెప్పింది నేనే. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నేను పూండి హైస్కూల్లో తెలుగు టీచరుని. నయోమి ఇల్లు మా బడి వెనక, జీడితోట మొదలయ్యే చోట ఉండేది. రోజూ పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి పలాస వెళ్లి, ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టి, సాయంత్రానికి తిరిగొచ్చేది. ఇరవై ఏళ్లు అదే పని. జీడి సొన తగిలి వేళ్ల చివర తోలు ఊడి, మళ్లీ వచ్చి, మళ్లీ ఊడి, చివరికి నల్లగా గట్టిపడిపోయింది. వేలిముద్ర వెయ్యమంటే సిరా మరకే తప్ప గీతలు పడేవి కావు.

నయోమికి కోపమెక్కువని అందరూ అనేవారు. నిజమే. ఫ్యాక్టరీలో మేస్త్రీ ఒకసారి నిండు చూలాలిని ఎండలో నిలబెడితే, నయోమి తన ముందున్న పిక్కల గంప ఎత్తి అతని కాళ్ల మీద బోర్లించింది. వారం రోజులు పనిలోకి రానివ్వలేదు. ఎనిమిదో రోజు వెళ్లి ఏమీ జరగనట్టు తన చోట కూర్చుంది.

మొగుడు మరో మనిషిని తెచ్చుకుంటే పుట్టింటికి వచ్చేసింది. కొన్నాళ్లకే తల్లి పోయింది. పదేళ్ల తమ్ముడు ఫిలిప్పును పెంచింది ఆమే. తల్లి దగ్గర నేర్చుకున్న పని ఒకటుంది. పాత కాగితాలు నానబెట్టి, రోట్లో దంచి, మెంతిపిండి కలిపి, బోర్లించిన కుండ మీద అద్ది ఎండబెడితే గంప తయారవుతుంది. మెంతుల చేదుకి పురుగు పట్టదు. ఒకప్పుడు మా వైపు ఆడవాళ్లు చాలామందికి ఆ పని వచ్చు. నయోమి మాత్రం గంపల దగ్గర ఆగలేదు. ప్రతి డిసెంబరులో చర్చి వాకిట్లో క్రిస్మసుకి వేసే పశువుల పాకకి గొర్రెలు, గొల్లలు, ఒంటెలు ఆ గుజ్జుతోనే చేసేది. సండేస్కూలు పుస్తకంలో తప్ప ఒంటెను చూడని మనిషి, ఒంటె లేవబోతూ మోకాలు నేలకు ఆనించిన తీరు చేసి చూపించింది.

ఫిలిప్పు కొబ్బరి దింపు చేసేవాడు. తొంభై తొమ్మిది తుఫాను తర్వాత నిలిచిన చెట్లే తక్కువ. వాటి కోసం కవిటి, కంచిలి దాకా పోయేవాడు. రెండువేల ఒకటిలో ఒక రోజు సగం చెట్టెక్కి దిగిపోయాడు. "అక్కా, కాళ్లు రాతన్నేదు" అన్నాడట. అప్పటికి మా ఉద్దానం ఊళ్లలో ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. ముందు అలసట, తర్వాత మొహం వాపు, తర్వాత కాళ్ల వాపు, ఆ తర్వాత కిడ్నీలు పోయాయని చెప్పే కాగితం. ప్రతి వీధిలో ఒకరిద్దరు అలా పోతూనే ఉన్నారు. ఆ కాగితం చేతికొచ్చే దాకా ఫిలిప్పు ఓపికున్న రోజుల్లో చెట్టెక్కుతూనే ఉన్నాడు.

పరీక్షల బృందాలు వచ్చేవి. మా బడి వరండాలోనే బల్లలు వేసేవారు. నెత్తురు తీసుకెళ్లారు, మూత్రం తీసుకెళ్లారు, బావి నీళ్లు, మట్టి, వంటింట్లో బియ్యం కూడా తీసుకెళ్లారు. ప్రతి మనిషికీ నంబరు వేసిన చీటీ ఇచ్చి, ఫలితం పంపిస్తామన్నారు. పంపలేదు. మరుసటి ఏడు ఇంకో బృందం వచ్చి ముందు వాళ్ల గురించి మాకు తెలియదంది. అలా మూడేళ్లలో నాలుగు బృందాలు వచ్చాయి. ఫిలిప్పు దగ్గర నాలుగు చీటీలు చేరాయి. వాటినీ, మందుల చీటీలనూ, రిపోర్టులనూ బట్టల షాపు కవరులో పెట్టి తలగడ కింద దాచుకునేవాడు.

విశాఖపట్నంలో ఒక ఆసుపత్రికి తిరిగేవారు అక్కా తమ్ముడూ. ఒకసారి ఆ కవరు ఇంట్లో మరిచిపోయారు. కౌంటరు దగ్గర కూర్చున్నతను పాత రిపోర్టు లేనిదే లోపలికి పంపనన్నాడు.

"మడిసి ఎదురుగా ఉన్నాడు గదా బాబూ. మడిసిని సూడండి!" అంది నయోమి.

"మనిషిని చూసి నేనేం చేస్తానమ్మా? కాగితం కావాలి" అన్నాడతను, తలెత్తకుండా.

తిరిగొచ్చే రైల్లో ఫిలిప్పు దారంతా వాంతులు చేసుకున్నాడు. ఆ కౌంటరు మనిషి మాటను నయోమి నా దగ్గర ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ప్రతిసారీ అదే కోపంతో, అప్పుడే విన్నట్టు చెప్పేది.

రెండువేల నాలుగు మార్చి పద్నాలుగున ఫిలిప్పు పోయాడు. ముప్పై ఒక్కేళ్లు. సమాధి దగ్గర నయోమి ఏడవలేదు. నలభై రోజులు దాటాక ఒక ఆదివారం నేను వెళ్లేసరికి పెరట్లో తొట్టి పెట్టి, అందులో కాగితాలు నానేసి ఉన్నాయి. మందుల చీటీలు, బిల్లులు, స్కానింగు కవర్లు.

"ఏం చేస్తున్నావు నయోమీ?" అని అడిగాను.

"కాయితం కావాలన్నారు గదా టీచరమ్మా. కాయితంతోనే సేత్తన్నాను."

వెదురు బద్దలు వంచి, కొబ్బరి తాళ్లతో కట్టి మనిషి ఆకారం చేసింది. దాని మీద గుజ్జు పొరలు పొరలుగా అద్దింది. పొర ఎండాక ఇంకో పొర. ఫ్యాక్టరీ నుంచి రాగానే దీపాలు పెట్టే వేళ దాకా అదే పని. రెండు నెలలు పట్టింది. ముక్కాలి పీట మీద కూర్చున్న ఫిలిప్పు తయారయ్యాడు. బక్కచిక్కిన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఉబ్బిన పాదాలు నేలకు ఆనీ ఆనకుండా, వాచిన కనురెప్పల కింద నుంచి వీధిలోకి చూస్తున్నాడు. చెట్టెక్కే మనిషి కాలి వేళ్లు ఎలా విచ్చుకుని ఉంటాయో, ఆ వాపులో కూడా తెలిసేటట్టు చేసింది.

రిపోర్టులను మాత్రం దంచలేదు. వాటిని చింపి, పైన చర్మంలా అతికించింది. ఆ పైన జీడినూనె పూసింది. నూనెకు కాగితం గోధుమ రంగు తిరిగి, లోపలి అక్షరాలు పైకి కనిపించాయి. రొమ్ము మీద ఫిలిప్పు పేరు, వయసు. పొట్ట మీద కిడ్నీలు ఎంత చెడ్డాయో చెప్పే క్రియాటినిన్ అంకెలు, నెల నెలకూ పెరుగుతూ. సూదులు గుచ్చిన ఎడమ చేతి మీద ఆ నాలుగు చీటీలు వరసగా.

దాన్ని అరుగు మీద, ఫిలిప్పు రోజూ కూర్చునే చోట పెట్టింది. మొదటి రోజు దారిన పోయేవాళ్లు కొందరు గతుక్కుమన్నారు. కొందరు దగ్గరకొచ్చి అంకెలు చదివి, తమ ఇళ్లలోని అంకెలతో పోల్చుకున్నారు.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద సైమన్ నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"నయోమీ, విగ్రహం సేసి ఇంటి ముందర పెట్టినావు. వాక్యం ఏటి సెప్తందో నీకు తెల్దా?"

"మొక్కుతన్నానేటి? దండేసినానా? దీపమెట్టినానా? మా తమ్ముడు కూకున్న కాడ మా తమ్ముణ్ని కూకోబెట్టినాను."

"సంఘంలో మాటొస్తంది. తీసీ."

"ఆడు మంచంలో ఉన్నప్పుడు ఈ అరుగెక్కి ఎన్నిసార్లు పార్దన సేసినావు నువ్వు? ఇప్పుడు బొమ్మని సూడ్డానికి తీరికైనాదా?"

సైమన్ ఆమెకు ప్రభువు బల్ల దగ్గర పంచే రొట్టె, ద్రాక్షరసం అందకుండా ఆపించాడు. పాస్టరు ఎబినేజర్ అయ్యగారు మంచివాడే, కానీ నోరు విప్పలేదు. నయోమి చర్చి మానలేదు. నెల నెలా రొట్టె పళ్లెం ఆమె ముందు నుంచి దాటిపోయేది. తల దించకుండా ఆ పళ్లేన్ని చివరి దాకా చూసేది. ఆ డిసెంబరులో పశువుల పాక చెయ్యమని కబురు పెడితే, "విగ్రహాలు సెయ్యకూడదంట గదా" అని తిప్పి పంపింది.

రెండువేల ఐదు ఆఖర్లో వైకుంఠరావు వచ్చాడు. విశాఖపట్నంలో శిల్పి. జిల్లా పేపర్లో బొమ్మ ఫొటో చూసి, అడ్రసు కనుక్కుంటూ ముందు మా బడికి వచ్చాడు. ఈ రోజుల్లో రాయీ కంచూ వదిలి కాగితంతో శిల్పాలు చేసేవాళ్లు దేశమంతా ఉన్నారని, తనూ పదేళ్లుగా అదే పనిలో ఉన్నానని చెప్పాడు. బొమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. ఆ పాదాన్ని వేలితో తాకి, కళ్లు తుడుచుకున్నాడు. అతను నటించాడని నేను ఇప్పటికీ అనను. నటించి ఉంటే నాకింత కోపం ఉండేది కాదు.

ప్రదర్శనకు ఇమ్మని అడిగాడు. నయోమి పేరూ, ఫిలిప్పు పేరూ రాయిస్తానన్నాడు. మార్చిలో ఫిలిప్పు జ్ఞాపకార్థ కూడికకు ముందే తెచ్చి అప్పగిస్తానన్నాడు.

నయోమి నా వైపు తిరిగింది. "ఆణ్ని మల్లీ విశాపట్నం పంపాలా టీచరమ్మా?"

ఆ మాటకు నేను అక్కడే ఆగిపోవాల్సింది. ఆగలేదు. "నలుగురూ చూస్తారు నయోమీ. ఇక్కడ మనుషులు ఎలా పోతున్నారో తెలుస్తుంది" అన్నాను. టీచరును కదా, నలుగురికి తెలిస్తే ఏదో జరుగుతుందని నమ్మకం. నయోమి బొమ్మను పాత దుప్పట్లో చుట్టి, వ్యానులో పిల్లాణ్ని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టింది.

ఫిబ్రవరి గడిచింది. కబురు లేదు. నేను టెలిఫోను బూతు నుంచి రెండుసార్లు ఫోను చేశాను. ప్రదర్శన పొడిగించారని, బొమ్మకు మంచి పేరొస్తోందని అన్నాడు. మార్చి పది దాటాక నయోమి ఒక రోజు పనికి పోకుండా నా గుమ్మంలో నిలబడింది. "నడు. తెచ్చుకుందుము."

విశాఖపట్నంలో ప్రదర్శన హాలు చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. గోడల నిండా వైకుంఠరావు చేసిన కాగితపు శిల్పాలు. మడతలు పెట్టినవి, కత్తిరించినవి, గుజ్జుతో పోత పోసినవి. అన్నీ తెలుపు. అందంగానే ఉన్నాయి. మేం ఒకసారి చుట్టూ తిరిగాం, ఫిలిప్పు కనిపించలేదు. రెండోసారి తిరిగేటప్పుడు నయోమి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

మధ్యలో తెల్లటి దిమ్మ మీద ఫిలిప్పు కూర్చుని ఉన్నాడు. వాడికి తల నుంచి కాలి వేళ్ల దాకా తెల్ల రంగు వేసేశారు. పేరు లేదు. అంకెలు లేవు. చీటీలు లేవు. కనుగుడ్లు కూడా తెలుపే.

"ఏటి రాసినారు? సదువు" అంది నయోమి.

పక్కన అట్ట మీద ఇంగ్లీషులో ఉంది. ముందు నాలో నేనే చదువుకున్నాను. మళ్లీ అడిగింది. చదివి చెప్పాను. "ఖాళీ మనిషి. శిల్పి వైకుంఠరావు. జానపద పద్ధతిలో వ్యర్థ కాగితపు గుజ్జు, తెల్ల రంగు."

"యర్తం అంటే?"

"పనికిరానిది."

ఆమె దిమ్మ ఎక్కింది. ఎవరూ ఆపేలోపు ఫిలిప్పు రొమ్ము మీద గోళ్లు పెట్టి గీరింది. జీడినూనె మీద రంగు సరిగా పట్టదు. ఆ సంగతి జీడి ఫ్యాక్టరీ మనిషికి తెలుసు, శిల్పికి తెలియలేదు. తెలుపు పెచ్చులు పెచ్చులుగా ఊడి దిమ్మ మీద రాలింది. చూడ్డానికి వచ్చినవాళ్లు వెనక్కి జరిగారు. ఒకావిడ, "అయ్యో, పాడుచేస్తోంది, ఆపండి!" అని అరిచింది.

వైకుంఠరావు లోపలి గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఆగండి. ఒక్క మాట వినండి. ఆ రాతలుంటే అది ఒక్క ఫిలిప్పు కథే అవుతుంది. అవి లేకపోతే అందరి కథా అవుతుంది. అందుకే..."

"అందరిదీ ఏటి?" నయోమి గీరడం ఆపలేదు. "అందరికీ పేర్లు నేవా? మా ఈదిలో సచ్చినోల్లందరికీ పేర్లున్నాయి. సెప్పమంటావా? ఆడి పేరు తుడిసీసినావు, నా పేరు తుడిసీసినావు. నీ పేరొక్కటీ ఖాళీగా ఉంచలేకపోనావా?"

అతను నా వైపు చూశాడు, చదువుకున్న మనిషిని నేనైనా అర్థం చేసుకుంటానన్నట్టు. "మీరైనా చెప్పండి మేడం."

"మీరు మాటిచ్చింది నా ఎదుటే కదండీ" అన్నాను. ఇంకా ఎన్నో అనాలనుకున్నాను. ఆ రోజు అనలేకపోయినవే ఇక్కడ రాస్తున్నాను.

కాపలాదారు తవిటయ్యను పిలిచి ఆమెను దించమన్నారు. అతను దగ్గరకొచ్చాడు. అప్పటికి పొట్ట మీది అంకెలు సగం బయటపడ్డాయి. అతను వాటిని చూసి, "మీదేవూరమ్మా?" అన్నాడు. పూండి అన్నాను. "మాది టెక్కలి అవతల. మా బావమరిది కవిటిలో ఇదే రోగంతో పోనాడు." అని, లోపలికి వెళ్లి తడిగుడ్డ తెచ్చి నయోమి చేతికిచ్చాడు.

రంగంతా తనే తీయించి పంపుతానని వైకుంఠరావు అన్నాడు. "నువ్వు ముట్టకు" అంది నయోమి. తవిటయ్య ఒక పక్క, ఆమె ఒక పక్క పట్టి ఆటోలోకి ఎక్కించారు. రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టింది. సీటు ఖాళీ చెయ్యమని ఎవరో గొణిగితే, "రోగిష్టోడు. లెగలేడు" అంది.

ఇంటికొచ్చాక మిగతా రంగు తీయడానికి మూడు రోజులు పట్టింది. అన్ని చోట్లా శుభ్రంగా రాలేదు. కనురెప్పల మడతల్లో తెలుపు ఉండిపోయింది. రొమ్ము దగ్గర రంగుతోపాటు కాగితమూ లేచొచ్చి పేరులో సగం పోయింది. చేతి మీద నాలుగు చీటీల్లో ఒకటి నలిగి ముద్దయిపోయింది. అవి మళ్లీ అతికించడానికి వేరే కాగితాలు లేవు. వైకుంఠరావు తర్వాత క్షమాపణ ఉత్తరం రాశాడు. చక్కటి దస్తూరి. నయోమి దాన్ని నాతో చదివించుకుని, తొట్టిలో నానుతున్న కాగితాల్లో పడేసింది.

జ్ఞాపకార్థ కూడికకు సైమన్ రాలేదు. ఎబినేజర్ అయ్యగారు వచ్చి, బొమ్మ పక్కనే నిలబడి ప్రార్థన చేశారు. తర్వాతి నెల ఆయనే స్వయంగా పళ్లెం తెచ్చి ఆమె ముందు ఆపారు. నయోమి రొట్టె తీసుకుంది. "రెండేళ్లు పట్టింది అయ్యగారూ" అంది, చర్చి అంతా వినేటట్టు.

ఆ ఏడు నుంచి జనం ఆమె దగ్గరకు కవర్లు తేవడం మొదలుపెట్టారు. మొదట కవిటి నుంచి కన్నమ్మ, భర్త రిపోర్టులు కొంగులో కట్టుకుని వచ్చింది. తర్వాత కంచిలి నుంచి ఒకరు, మా వీధిలోనే ఇద్దరు. నయోమి అందరికీ ఒకటే షరతు పెట్టేది. వాపు తగ్గించి చెయ్యమంటే చెయ్యనంది. పేరు రొమ్ము మీదే ఉండాలంది. రెండువేల ఏడు చివరికి ఫిలిప్పుతో కలిపి ఏడుగురయ్యారు.

అప్పుడే ఐదో బృందం వచ్చింది. బడి వరండాలో మళ్లీ బల్లలు. పొద్దున ఎనిమిదికి జీపు దిగిన డాక్టరు, వరసలో ముందే కూర్చున్న ఏడుగురిని చూసి ఆగిపోయాడు. వాళ్ల వెనక నయోమి, ఆమె వెనక ఊరు.

"ఏమిటమ్మా ఇది?"

"ఈల్లు ముందొచ్చినారు బాబూ. సీటీలు సేతుల మీదున్నాయి. ఈల్ల రిజల్టు సెప్పీసి, అప్పుడు మా నెత్తురు తియ్యండి."

"అవి మా బృందం తీసినవి కాదమ్మా."

"మీరు కాదు, ఆల్లు కాదు. మా సెయ్యి మాత్రం పెతీసారీ మాదే!"

ఆ రోజు ఒక్కరు కూడా చెయ్యి చాపలేదు. నేనూ చాపలేదు. డాక్టరు కుర్రవాడే గానీ, మొండివాడు కాదు. గొంతుక్కూర్చుని, బొమ్మల చేతుల మీద నంబర్లన్నీ నోటుబుక్కులో రాసుకున్నాడు. జీపు ఖాళీ సీసాలతో వెళ్లిపోయింది.

ఏడు వారాలకు అతనే తిరిగొచ్చాడు. రెండు పాత సర్వేల ఫలితాలు ఎక్కడో అటకెక్కి ఉంటే దింపించి తెచ్చానన్నాడు. ఒక్కొక్కరి పేరూ చదివి తెలుగులో చెప్పాడు. ఫిలిప్పు దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గించాడు. రెండువేల ఒకటిలో తీసిన మొదటి నెత్తురులోనే జబ్బు తెలిసిందట. అప్పటికి మొదటి దశే.

"అంటే? అప్పుడు సెప్పుంటే?" అంది నయోమి.

"జాగ్రత్త పడేవాడు. మందులు అప్పుడే మొదలయ్యేవి. ఇంకొన్నేళ్లు..." అని ఆపేశాడు.

నయోమి అతన్ని తిట్టలేదు. జనం వైపు తిరిగింది. "ఇన్నారా? ఆల్లకి తెలుసు. మూడేల్లు ఆల్లకి తెలుసు. నాను ఆణ్ని సెట్టెక్కించినాను" అంది. అంతవరకూ ఎవరి ముందూ ఏడవని మనిషి అప్పుడు వరండాలో స్తంభాన్ని అరచేత్తో కొడుతూ ఏడ్చింది. దగ్గరకు వెళ్లడానికి మాకెవరికీ ధైర్యం చాల్లేదు.

ఆ తర్వాత మా ఊళ్లో నెత్తురు తీసుకోవాలంటే, ఫలితం ఏ తేదీకి ఇస్తారో రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. ఆ రిజిస్టరు బడిలో నా దగ్గరే ఉంటుంది. తేదీ దాటితే నయోమి నన్ను వెంటబెట్టుకుని పలాస అయినా, టెక్కలి అయినా బయల్దేరుతుంది. కొన్ని ఫలితాలు వేళకు వస్తున్నాయి. కొందరికి జబ్బు మొదట్లోనే తెలుస్తోంది. మనుషులు పోవడం ఆగలేదు.

మొన్న ఒక పత్రిక నుంచి ఒకతను వచ్చి, ఈ కళ ఎలా అబ్బిందని ఆమెను అడిగాడు. నయోమి రోట్లో కాగితం దంచుతోంది. రోకలి ఆపకుండానే అతనికి జవాబిచ్చింది.

"కళేటి బాబూ? కడుపు మంట. రాసుకో."